మందుల హోల్‌సేల్ బిల్లింగ్‌కి ఏఐ కనెక్టర్: టూల్స్ సరే, వాటి పక్కన రాసిన వివరణల సంగతేంటి?

ముందు తీర్పు చెప్పేస్తా, తీరిక లేనివాళ్లు ఈ పేరా చదివి వెళ్లిపోవచ్చు. కనెక్టర్ అంటే ఏఐ మోడల్‌ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి కలిపేది. స్టాక్ చూడటానికి, పార్టీల (సరుకు కొనే షాపుల) బాకీలు అడగటానికి ఈ కనెక్టర్ బాగా పనికొస్తుంది. బిల్లు వేయడం, స్టాక్ సర్దడం, వేసిన బిల్లు క్యాన్సిల్ చేయడం మాత్రం ఇప్పుడున్న రూపంలో దాని చేతికి ఇవ్వొద్దు. అయిదుకి రెండున్నర ఇస్తున్నా. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మంచిదే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మేం వాడే ఏఐ మోడల్ కూడా తెలివైనదే. మార్కులు పోయిందంతా ప్రతి టూల్ పక్కన రాయాల్సిన నాలుగు వాక్యాలు రాయకపోవడం దగ్గరే.

నేను కర్నూలులో మందుల హోల్‌సేల్ షాపులకు కంప్యూటర్లు, బిల్లింగ్, జీఎస్టీ డేటా చూసి పెడుతుంటా. ఇక్కడి హోల్‌సేల్ అంటే టౌన్‌లోని మెడికల్ షాపులు ఒక్కటే కాదు, ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నంద్యాల, ఆత్మకూరు దాకా సరుకు పోతుంది, తుంగభద్ర దాటి అలంపూర్, గద్వాల వైపు కూడా పార్టీలు ఉంటాయి. పొద్దున షాపు షట్టర్ తీసేసరికి వాట్సాప్‌లో ఆర్డర్లు వరసగా పడి ఉంటాయి, ఒకరు టైప్ చేస్తారు, ఒకరు చీటీ మీద రాసి ఫోటో పంపిస్తారు, ఇంకొకరు వాయిస్ మెసేజ్ పెడతారు, అవన్నీ బిల్లులుగా మారి మధ్యాహ్నానికి పార్సిళ్లు ఎక్కిపోవాలి. అందుకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఏఐ కనెక్టర్ తెచ్చాం, రెన్యువల్ మీద ఇంత కడితే చాలు, మీరు తెలుగులో చెబితే బిల్లు అదే వేస్తుంది అనగానే మా ఓనర్‌కి ఆశ పుట్టింది. కంపెనీ పేరు రాయడం లేదు. వాళ్ల ఒక్కరి తప్పే కాదు ఇది, ఇప్పుడు కనెక్టర్లు అమ్ముతున్న చాలామంది ఇట్లాగే రాస్తున్నారు.

ఇది ఎట్లా పనిచేస్తుందో కాస్త చెప్పాలి, లేకపోతే నా కోపం ఎందుకో అర్థం కాదు. ఈ కనెక్టర్ ఎంసీపీ అనే పద్ధతి మీద కట్టింది. పూర్తి పేరు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, ఆంథ్రోపిక్ అనే ఏఐ కంపెనీ 2024 నవంబరులో అందరికీ ఓపెన్‌గా విడుదల చేసింది, తర్వాత 2025లో చాట్‌జీపీటీ చేసే ఓపెన్‌ఏఐ కూడా దాన్ని తీసుకుంది. అంతకుముందు 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ తెచ్చినప్పటి నుంచీ లోపలి సూత్రం ఒకటే. సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న పనుల జాబితా ఇస్తుంది, ఈ పనుల్నే టూల్స్ అంటారు. ఒక్కో పనికి ఒక పేరు, ఒక వివరణ, ఏమేం సమాచారం ఇవ్వాలో చెప్పే స్కీమా ఉంటాయి. మోడల్ ఆ జాబితా చదువుకుని, మన మాట విని, ఏ టూల్ పిలవాలో, అందులో ఏం నింపాలో తనే నిర్ణయిస్తుంది. దానికి కనిపించేది అంతే. సాఫ్ట్‌వేర్ కోడ్ కనిపించదు, డేటాబేస్ కనిపించదు, స్క్రీన్ కనిపించదు, కంపెనీ వాళ్లు కష్టపడి అచ్చేసిన యూజర్ గైడ్ కనిపించదు. షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి ఏదీ తెలియకపోయినా పక్కవాడు ఏం చేస్తున్నాడో చూసి వారంలో పట్టేస్తాడు, ఏజెంట్‌కి, అంటే ఈ టూల్స్ పిలుస్తూ మన పని చేసే ఏఐకి, పక్కవాడు లేడు, పైగా ప్రతి కొత్త చాట్‌లో మళ్లీ మొదటి రోజే. ఇంకో సంగతి, ఎంసీపీలో టూల్‌కి పేరు ఉండాలి, స్కీమా ఉండాలి, వివరణ మాత్రం ఐచ్ఛికం. రాయకపోయినా కనెక్టర్ నడుస్తుంది. నడుస్తుంది కదా అని చాలామంది అక్కడితో ఆపేస్తున్నారు.

డెమోకి వచ్చిన అబ్బాయి అంతా చక్కగా చూపించాడు. ఆయన ముందే సిద్ధం చేసుకున్న ప్రశ్నలు అడిగాడు, సరైన జవాబులు వచ్చాయి, ఓనర్ తల ఊపాడు. నేను టూల్స్ జాబితా, వాటి వివరణలు ఇవ్వమన్నాను. "అవి టెక్నికల్ సార్, మీకు అవసరం లేదు" అన్నాడు. అవసరం అదొక్కటే! ఎంసీపీ ఇన్‌స్పెక్టర్ అని ఉచితంగా దొరికే టూల్ ఉంది, దాన్ని కనెక్టర్‌కి తగిలిస్తే జాబితా మొత్తం బయటికి వస్తుంది. తీసి చూస్తే నలభైకి పైగా టూల్స్, వాటిలో సగానికి పైగా వివరణ ఒక్క లైను. "బిల్లు సృష్టిస్తుంది." "స్టాక్ తెస్తుంది." "ఐటమ్ వెతుకుతుంది." టూల్ పేరునే విడదీసి వాక్యం చేశారు, కొత్తగా ఒక్క ముక్క లేదు.

నేను దీన్ని రెండు రకాలుగా పరీక్షించా. ఒకటి, షాపు డేటాకి కాపీ తీసి ట్రయల్ కంపెనీ పెట్టి, రోజూ వచ్చే నిజమైన ఆర్డర్లనే ఏజెంట్‌కి ఇచ్చి ఏ టూల్ పిలుస్తోంది, ఏం నింపుతోంది అని లాగ్ చూడటం. రెండోది ఇంకా సులువు, ఎవరైనా చేయొచ్చు. మా ఓనర్ దగ్గర బిల్లింగ్ చూసే అక్క ఒకామె ఉంది, ఏళ్ల తరబడి ఇదే పని, ఏ కంపెనీ స్కీమ్ ఎప్పుడు మారిందో, ఏ పార్టీ చెక్కు ఏ తారీఖు దాటాక వేయాలో నోటికి ఉంటుంది. బిల్లు వేసే టూల్ వివరణ ప్రింటు తీసి ఆమె ముందు పెట్టా. "అక్కా, నీకు మన సాఫ్ట్‌వేర్ తెలీదనుకో. ఈ కాగితం చూసి డోలో ఇరవై బిల్లు వేయాలి. ఏమైనా అడగాల్సి ఉందా?" అన్నా.

ఆమె చదివి వేలు ఒక్క చోట పెట్టింది. "క్వాంటిటీ అని ఊరికే రాసినారు గదా తమ్ముడూ. ఇరవై ఏంది? మాత్రలా, స్ట్రిప్పులా, బాక్సులా? ఎట్లా తెలుస్తాది?"

సరిగ్గా అక్కడే ఏజెంట్ కూడా పడిపోయింది. ఎందుకు పడిందో చూడండి, ఇది చాలా ముఖ్యం. ఆదోని పార్టీ ఆర్డర్ "డోలో 650 – 20". ఏజెంట్ బుద్ధిగా ముందు స్టాక్ టూల్ పిలిచింది, సరుకు ఉందో లేదో చూద్దామని. ఈ సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ టూల్ లెక్క మాత్రల్లో ఇస్తుంది, పక్కనే ప్యాక్ 15 అని వస్తుంది, ఎందుకంటే డోలో 650 స్ట్రిప్‌లో 15 మాత్రలు. బిల్లు టూల్ మాత్రం క్వాంటిటీని స్ట్రిప్పుల్లో తీసుకుంటుంది. ఈ తేడా రెండు వివరణల్లో ఎక్కడా లేదు. ఏజెంట్ ఏమనుకుందంటే, స్టాక్ మాత్రల్లో ఉంది, ప్యాక్ 15, అంటే ఈ సాఫ్ట్‌వేర్ అంతా మాత్రల లెక్కే, పార్టీ అడిగింది 20 స్ట్రిప్పులు, కాబట్టి 300. బిల్లు 300 స్ట్రిప్పులకు పడింది. స్టాక్ అంతకంటే ఎక్కువే ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్ కిక్కురుమనలేదు. ఏజెంట్ ఆలోచనలో నాకు ఎక్కడా తెలివితక్కువతనం కనిపించలేదు, తన ముందున్న కాగితం బట్టి అది వేసిన లెక్క సరైనదే. స్కీమా దగ్గర "స్ట్రిప్పుల్లో ఇవ్వాలి, విడి మాత్రల్లో కాదు, స్టాక్ టూల్ ఇచ్చే అంకెను ప్యాక్ సైజుతో భాగించి పోల్చుకోవాలి" అని ఒక్క వాక్యం ఉంటే ఇది జరిగేదే కాదు. ఇంకా మంచి పని, ఆ ఫీల్డ్ పేరే క్యూటీవై_స్ట్రిప్స్ అని పెట్టడం. పేరులోనే కొలత ఉంటే వివరణ చదవడం మర్చిపోయినా తప్పు జరగదు.

స్కీమ్ సంగతి కూడా ఇదే. "10+1" అని ఆర్డర్ వస్తే పదింటికి డబ్బు, ఒకటి ఫ్రీ, ఈ లైన్‌లో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. టూల్‌లో ఫ్రీ అని ఒక ఫీల్డ్ ఉంది, దానికి వివరణ ఖాళీ. ఏజెంట్ ఒకసారి సరిగ్గా నింపింది, ఇంకోసారి కూడి పదకొండుకీ డబ్బు వేసింది. ఒకసారి ఒప్పు, ఒకసారి తప్పు అన్నది ఎప్పుడూ తప్పు కన్నా ప్రమాదం, ఎందుకంటే రెండు రోజులు బాగా నడిస్తే మనం చూడటం మానేస్తాం.

ఎక్స్‌పైరీ విషయంలో మాత్రం నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఇది మందుల సాఫ్ట్‌వేర్, ఇది ఈ పని కోసమే చేసింది. మందు పెట్టె మీద ఎక్స్‌పైరీ నెల, సంవత్సరం మాత్రమే ఉంటాయి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం ఆ నెల చివరి రోజు దాకా మందు చెల్లుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని లోపల ఆ నెల ఒకటో తేదీగా దాచుకుంటుంది, స్క్రీన్ మీద చూపించేటప్పుడు నెల, సంవత్సరం మాత్రమే చూపిస్తుంది కాబట్టి మనుషులకు ఇబ్బంది లేదు. కానీ టూల్ మాత్రం ఏజెంట్‌కి ఆ ఒకటో తేదీనే ఇస్తుంది. దాంతో ఆ నెల రెండో తేదీ నుంచే ఆ బ్యాచ్‌లన్నీ ఎక్స్‌పైర్ అయిపోయాయని ఏజెంట్ చెప్పింది. దాన్ని నమ్మి ఉంటే ఇంకో పార్టీకి పంపగలిగిన సరుకు గోడౌన్‌లో పక్కకు పెట్టేవాళ్లం. రోజులు అనే ఇంకో ఫీల్డ్ ఉంది, 90 ఇస్తే రాబోయే 90 రోజుల్లో ఎక్స్‌పైర్ అయ్యేవా, 90 రోజుల కిందట అయిపోయినవా, రెండూనా అన్నది రాయలేదు. లాగ్ చూసి తెలుసుకున్నా, రెండూ కలిపి ఇస్తోంది. కంపెనీకి రిటర్న్ పంపాల్సిన సరుకు, ఇంకా అమ్ముకోగలిగిన సరుకు ఒకే జాబితాలో కలిసి వస్తే ఆ జాబితా చూసి ఎవరు ఏం చేయాలి?

మోడల్ తనకు తెలియని చోట ఖాళీ వదలదు, తనకు తెలిసినది నింపుతుంది, ఈ విషయం కనెక్టర్ రాసేవాళ్లు గోడ మీద రాసి పెట్టుకోవాలి. బిల్లు టూల్‌లో ట్యాక్స్ రేటు అనే ఫీల్డ్ ఉంది, ఐచ్ఛికం. వదిలేస్తే ఐటమ్ మాస్టర్‌లోని (సాఫ్ట్‌వేర్‌లో ఐటమ్ వివరాలు దాచిన జాబితాలోని) రేటు పడుతుంది, అదే సరైన పద్ధతి. కానీ ఆ మాట రాయలేదు. ఏజెంట్ చాలాసార్లు 12 నింపింది. ఎక్కువ మందుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, మోడల్ చదువుకున్న పుస్తకాల్లో పాత లెక్కే ఎక్కువ ఉంటుంది కదా, అందుకని అదే గుర్తొచ్చింది. స్టేట్ కోడ్ దగ్గరా ఇదే కథ. ఆంధ్రప్రదేశ్ కోడ్ 37, తెలంగాణ 36, విభజనకు ముందు ఉమ్మడి రాష్ట్రానిది 28. ఫీల్డ్ వివరణ "స్టేట్ కోడ్" అని రెండు మాటలు. మాకు ఇది పేరుకు మాత్రమే ఉన్న తేడా కాదు, కర్నూలు నుంచి తుంగభద్ర బ్రిడ్జి దాటితే తెలంగాణ, అలంపూర్ పార్టీకి వేసే బిల్లులో ఐజీఎస్టీ పడాలి, ఆదోని పార్టీకి సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ పడాలి. ఆ ఫీల్డ్‌లో 28 వేసిన బిల్లు ఒకటి లాగ్‌లో కనబడింది. "పార్టీ మాస్టర్‌లో ఉన్నదే వాడు, నీ అంతట నువ్వు నింపొద్దు" అని రాస్తే సరిపోయేది, లేదా చెల్లే కోడ్‌ల జాబితా స్కీమాలోనే ఇస్తే ఇంకేదీ నింపడానికి వీలుండదు.

జిల్లా వారీ బాకీల రిపోర్టు కూడా చూశా. నంద్యాల 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది, డోన్, ఆత్మకూరు దాంట్లోకి వెళ్లాయి. మా పార్టీ మాస్టర్‌లో పాతవాళ్లంతా ఇంకా కర్నూలు జిల్లా కిందే ఉన్నారు, కొత్తగా చేర్చినవాళ్లు నంద్యాల కింద ఉన్నారు. ఏజెంట్‌ని నంద్యాల జిల్లా బాకీలు అడిగితే సగమే వచ్చాయి, అదీ గట్టి నమ్మకంతో మొత్తం ఇదే అని చెప్పింది. డేటా పాతది కావడం మా షాపు సంగతి, నిజమే. కానీ "ఈ ఫీల్డ్ పార్టీ మాస్టర్‌లో టైప్ చేసిన మాటతో అక్షరం తప్పకుండా పోలుస్తుంది" అని వివరణలో ఉంటే ఏజెంట్ కనీసం ఊరి పేర్లతో మరోసారి వెతికేది, లేదా మనల్ని అడిగేది. కడప వైపు షాపులకు ఇంకా కష్టం, ఆ జిల్లాకి రికార్డుల్లో కడప, వైఎస్సార్, 2025 నుంచి వైఎస్సార్ కడప అని మూడు పేర్లు తిరుగుతుంటాయి.

ఐటమ్ వెతకడానికి నాలుగు టూల్స్ ఉన్నాయి. నాలుగింటి వివరణా దాదాపు ఒకటే. వాడి చూస్తే తెలిసింది, ఒకటి బ్రాండ్ పేరుతో వెతుకుతుంది, ఒకటి సాల్ట్ పేరుతో, అంటే మందులోని అసలు రసాయనం పేరుతో, ఒకటి బార్‌కోడ్‌తో, నాలుగోది పాత వెర్షన్‌ది, తీసేయడం మర్చిపోయారు. ఏజెంట్ సాల్ట్ పేరు పట్టుకుని బ్రాండ్ టూల్‌లో వెతికి, దొరకలేదు, స్టాక్ లేదు అని చెప్పింది. సరుకు ఉండి కూడా లేదని పార్టీకి చెబితే ఆ ఆర్డర్ పక్క షాపుకి పోతుంది. దేనికి ఏ టూల్ వాడాలో ఎంత అవసరమో, దేనికి వాడకూడదో కూడా అంతే అవసరం, "సాల్ట్ పేరుతో వెతకాలంటే ఇది కాదు, ఫలానాది వాడు" అని చెప్పాలి. ఓపెన్‌ఏఐ తన గైడ్‌లో ఒకేసారి 20 లోపు ఫంక్షన్లు ఉంచుకోవడం మేలని సూచిస్తుంది, టూల్ ఒక్కోటికి కనీసం మూడు నాలుగు వాక్యాలైనా రాయమని ఆంథ్రోపిక్ చెబుతుంది. ఇక్కడ టూల్స్ రెట్టింపు, వాక్యాలు పావు వంతు.

పొడుగ్గా రాస్తే మంచిదని కూడా కాదు. సేల్స్ రిపోర్ట్ టూల్‌కి ఈ జాబితా మొత్తంలో అన్నిటికంటే పొడుగు వివరణ ఉంది, అందులో మా అత్యాధునిక విశ్లేషణ, మీ వ్యాపారానికి కొత్త దారి అని బ్రోచర్‌లో మాటలున్నాయి, చివర్లో "ఏ ప్రశ్నకైనా ముందు ఈ టూల్‌నే వాడండి" అని కూడా రాశారు. ఏజెంట్ ఆ మాట నమ్మింది. ఒక పార్టీ ఫోన్ నంబరు అడిగినా ముందు సేల్స్ రిపోర్ట్ పిలిచి, అంతా చదివి, అప్పుడు అసలు పనికి వచ్చేది. ఈ వివరణలన్నీ ప్రతి సంభాషణలో మోడల్ ముందుకు వెళ్తాయి, మోడల్ చదివే మాటల ముక్కలకు, అంటే టోకెన్లకు, అయ్యే ఖర్చు మనదే, కాబట్టి పనికిరాని ప్రతి మాటకీ మనమే డబ్బు కడుతున్నట్టు.

ఇక క్యాన్సిల్ టూల్. దీని గురించి గట్టిగా రాయాలి. వివరణ: "ఇన్‌వాయిస్ క్యాన్సిల్ చేస్తుంది." మనకు తెలిసిన సంగతులు చూడండి. టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారానికి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి, ప్రతి బిల్లుకీ ప్రభుత్వ పోర్టల్ నుంచి ఐఆర్‌ఎన్ అనే రిఫరెన్స్ నంబరు వస్తుంది. దాన్ని 24 గంటల్లోపు మాత్రమే క్యాన్సిల్ చేయొచ్చు, సగం బిల్లు క్యాన్సిల్ అనేది లేదు, చేస్తే మొత్తం చేయాలి, క్యాన్సిల్ చేసిన బిల్లు నంబరుతో మళ్లీ ఐఆర్‌ఎన్ తీయలేం. సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు అప్పటికే నడుస్తుంటే ముందు దాని సంగతి చూడాలి. గడువు దాటితే మామూలుగా క్రెడిట్ నోట్ వేసి ఆ మొత్తం తగ్గించాలి. బిల్లింగ్ అక్కకి ఇదంతా నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఏజెంట్‌కి ఎవరు చెప్పారు? ట్రయల్‌లో "ఎమ్మిగనూరు పార్టీ బిల్లులో ఒక ఐటమ్ వెనక్కి ఇచ్చాడు, సరిచేయి" అంటే, ఏజెంట్ మొత్తం బిల్లు క్యాన్సిల్ చేసి, మిగిలిన ఐటమ్స్‌తో కొత్త బిల్లు వేసింది. పక్కనే క్రెడిట్ నోట్ టూల్ ఉంది! అది ఎప్పుడు వాడాలో దాని వివరణలో లేదు, ఇది ఎప్పుడు వాడకూడదో దీని వివరణలో లేదు.

ఇంతకంటే పెద్ద విషయం ఇంకొకటి. ఎంసీపీలో 2025 మార్చి వెర్షన్ నుంచి టూల్స్‌కి కొన్ని గుర్తులు పెట్టే వీలుంది. ఇది చదవడానికి మాత్రమే, ఇది ఉన్నదాన్ని చెరిపేస్తుంది, ఇది రెండోసారి పిలిచినా అదనంగా ఏమీ జరగదు, ఇట్లాంటివి. ఏజెంట్ నడిపే అప్లికేషన్లు కొన్ని ఈ గుర్తులు చూసి మనిషిని అనుమతి అడగాలా, అడక్కుండా పోనివ్వాలా అని నిర్ణయించుకుంటాయి. ఈ కనెక్టర్‌లో అన్ని టూల్స్‌కీ, క్యాన్సిల్‌తో సహా, చదవడానికి మాత్రమే అన్న గుర్తు పెట్టారు. ఒకచోట రాసి అన్నిటికీ కాపీ చేసినట్టున్నారు. ఏమీ రాయకుండా వదిలేసినా ప్రోటోకాల్ దాన్ని ప్రమాదకరమైన టూల్‌గానే లెక్కేసేది, అంటే ఖాళీగా ఉంచినా ఇంతకంటే భద్రంగా ఉండేది. ఆ గుర్తులు సూచనలు మాత్రమే, తెలియనివాళ్ల సర్వర్ చెప్పే గుర్తుల్ని నమ్మొద్దు అని ప్రోటోకాల్ పత్రాల్లోనే ఉంది, కానీ షాపు ఓనర్ ఆ పత్రాలు చదవడు, డబ్బు కట్టి కొన్న కనెక్టర్‌ని నమ్ముతాడు.

మంచి వివరణ రాయడం పెద్ద విద్య కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తా. ఎంసీపీ వాళ్ల నమూనా సర్వర్లలో ఫైల్ సిస్టమ్ సర్వర్ అని ఒకటి ఉంది. అందులో ఫైల్ రాసే టూల్ వివరణలోనే, ఇది ఉన్న ఫైల్‌ని హెచ్చరిక లేకుండా పూర్తిగా మార్చేస్తుంది, జాగ్రత్తగా వాడు, అనుమతించిన ఫోల్డర్లలోనే పనిచేస్తుంది అని ఉంటుంది. ఎడిట్ చేసే టూల్‌లో డ్రై రన్ అని ఒక ఆప్షన్, ఏం మారబోతోందో ముందు చూపించి, మార్చకుండా ఆగుతుంది. మా బిల్లు టూల్‌కి ఇట్లాంటి డ్రై రన్ ఒకటి ఉంటే చాలు, నేను ఇంకో మార్కు వేసేవాణ్ణి.

మంచి ఉదాహరణ ఇదే కనెక్టర్ లోపల కూడా ఉంది, అందుకే వీళ్ల మీద ఆశ వదులుకోలేదు. పార్టీ బాకీ టూల్ ఎవరో ఓపిగ్గా రాశారు. ఏ తేదీ నాటికి లెక్క ఇస్తుంది, తేదీ ఇవ్వకపోతే ఈరోజు, మొత్తం రూపాయల్లో, బిల్లు వారీగా పాతవి ముందు, బ్యాంకులో వేయని చెక్కులు బాకీ నుంచి తీయలేదు, పార్టీ పేరు పూర్తిగా తెలియకపోతే ముందు పార్టీ వెతికే టూల్ వాడు, ఒకే పేరుతో ఇద్దరుంటే ఊరు అడుగు. దీంట్లో ఏజెంట్ తడబడటం నేను చూడలేదు. ఓనర్ ఫోన్‌లో "డోన్ పార్టీ ఎంత బాకీ?" అని అడిగితే, డోన్‌లో ముగ్గురు ఉన్నారు, ఎవరిది కావాలి అని తిరిగి అడిగింది. ఉన్నది అదే మోడల్, అదే డేటా, అదే కంపెనీ. ఈ ఒక్క టూల్ రాసినాయనతో మిగతావి కూడా రాయించి ఉంటే ఈ రివ్యూ ఇంకోలా ఉండేది.

ఎర్రర్ల సంగతి రెండు ముక్కల్లో. టూల్ పని కాకపోతే ఎందుకు కాలేదో మాటల్లో చెప్పాలి, అప్పుడే ఏజెంట్ సరిచేసుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది, ఎంసీపీ కూడా అట్లాగే, తప్పుని ఫలితంలోనే రాసి పంపమంటుంది. ఇక్కడ బ్యాచ్ నంబరు తప్పినా, పార్టీ డ్రగ్ లైసెన్స్ గడువు తీరినా, నెట్ పోయినా వచ్చేది ఒకటే, "పని విఫలమైంది". ఏజెంట్ పాపం అదే పనిని అదే తప్పుతో మళ్లీ మళ్లీ చేస్తుంది.

కనెక్టర్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది, వివరణల్ని మనమే మార్చుకునే సెట్టింగ్ ఫైల్. డెమోలో దీని గురించి ఒక్క మాట చెప్పలేదు, ఇది చెప్పాల్సిన మొదటి విషయం. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె ఎట్లా చెబితే అట్లా, బిల్లు టూల్ వివరణ మళ్లీ రాశాను. సారాంశం ఇది: పార్టీ ఆర్డర్‌ని బిల్లుగా మారుస్తుంది, స్టాక్ వెంటనే తగ్గుతుంది, క్వాంటిటీ స్ట్రిప్పుల్లో, సిరప్ అయితే బాటిళ్లలో, "10+1" అంటే క్వాంటిటీ 10, ఫ్రీ 1, ట్యాక్స్ రేటు, స్టేట్ కోడ్ ఖాళీగా వదులు, మాస్టర్ నుంచి పడతాయి, బ్యాచ్ చెప్పకపోతే ఎక్స్‌పైరీ దగ్గరున్నది ముందు, అయితే మూడు నెలల్లోపు ఎక్స్‌పైరీ ఉన్నది పార్టీ ఒప్పుకుంటేనే, ఆర్డర్‌లో పేరు రెండు ఐటమ్స్‌కి సరిపోతే బిల్లు వేయకుండా అడుగు. ఆఖరిది అక్క పట్టుబట్టి రాయించింది, పేర్లు దగ్గరగా ఉండే మందులు ఎన్ని ఉన్నాయో ఆమెకు తెలుసు. తర్వాత అవే ఆర్డర్లు మళ్లీ ఇచ్చా. స్ట్రిప్పుల గందరగోళం పోయింది, ట్యాక్స్ ఖాళీగా వదలడం మొదలుపెట్టింది, స్కీములు సరిగ్గా పడ్డాయి. ఫోటోలో చీటీ రాత అర్థం కాని చోట ఇంకా తప్పులు వస్తున్నాయి, అది వివరణలతో పోయే రోగం కాదు.

అన్నట్టు, ఈ వివరణలు మోడల్ నేరుగా నమ్మే మాటలు కాబట్టి, వాటిని మార్చే ఫైల్ ఎవరి చేతిలో ఉందో కూడా చూసుకోవాలి. వివరణలోనే దొంగ ఆదేశాలు దాచి ఏజెంట్‌తో డేటా బయటికి పంపించొచ్చని ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే ఏఐ భద్రత సంస్థ వాళ్లు 2025 ఏప్రిల్‌లో చూపించారు. మా దగ్గర ఆ ఫైల్ కౌంటర్ కంప్యూటర్లలో లేదు, సర్వర్‌లో పాస్‌వర్డ్ కింద ఉంది.

సపోర్ట్ వాళ్లకి అన్నీ రాసి పంపా, లాగ్‌లతో సహా. మర్యాదగానే మాట్లాడారు. ఎక్స్‌పైరీ తేదీ నెలాఖరుకు మారుస్తామన్నారు, పాత వెతుకుడు టూల్ తీసేశారు కూడా. చదవడానికి మాత్రమే అన్న గుర్తు గురించి మాత్రం "తర్వాతి అప్‌డేట్‌లో చూస్తాం" అన్నారు. అది తర్వాత చూసే విషయం కాదని ఫోన్‌లోనూ చెప్పా, ఇక్కడా చెబుతున్నా.

అనంతపురం, కడప, నంద్యాల వైపు ఎవరైనా ఇట్లాంటి కనెక్టర్ కొనబోతుంటే డబ్బు కట్టక ముందే టూల్స్ జాబితా వివరణలతో సహా అడగండి, ఇవ్వం అని చెబితే అక్కడే ఆగండి. ఇస్తే మీ షాపులో బిల్లు వేసే మనిషికి చూపించండి, కంప్యూటర్ తెలిసినవాళ్లకి కాదు. ప్రస్తుతం మా ఓనర్ షాపులో బాకీ, స్టాక్ టూల్స్ అందరికీ ఆన్‌లో ఉన్నాయి, బిల్లు టూల్ డ్రాఫ్ట్ వరకే, సేవ్ నొక్కేది అక్క. క్యాన్సిల్, స్టాక్ సర్దే టూల్స్ రెండూ పూర్తిగా ఆపేశా, గుర్తులు సరిచేసిన అప్‌డేట్ వచ్చి, దాన్ని మళ్లీ ట్రయల్ కంపెనీలో నడిపి చూసేదాకా వాటిని తెరవను.